తరుగు

లారీ రాలేదు.
మనుబోలు కాడ టైరు పేలిందంట,
ఆ ఒక్కమాట చెప్పి ఫోన్ పెట్టేసినాడు డ్రైవరు.
పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో రాత్రి తొమ్మిది.
కాయలేరే ఆడోళ్లం పన్నెండు మందిమి
కుట్టేసిన బస్తాల మీదనే కూసున్నాం.
ఆ పొద్దు కిలో నాలుగు రూపాయలు.
కోత కూలి కూడా రాదని
ఒక రైతు బస్తాలు దించకుండానే
ట్రాక్టరు తిప్పుకోని పొయినాడు.
ఎవురికీ మాటల్లేవు.

అప్పుడొచ్చినాడు కాటా ఎనకాల నుంచి
వాచిమన్ మీరాసాయిబు.
మొహమంతా సున్నం,
వక్కాకు సున్నమే, మస్తానమ్మ డబ్బీ ఖాళీ.
ముక్కు మీద రబ్బరుబ్యాండేసి కట్టిన గోలీకాయ,
బాగా పండింది.
ఎప్పుడో సర్కసులో ఉండినాడని విన్నాం గానీ
ఆ మనిషి ఈ మనిషేనని ఎవురు నమ్మినారు?
"దొంగోళ్లు ఈ ఏసం చూస్తే
వాళ్ల చెప్పులు కూడా ఇడిసిపెట్టి పోతారు"
అనింది జయంతమ్మ.
ఆయన పలకలేదు.
ఆ రాత్రంతా ఒక్క మాటా పలకలేదు.

కాటా ఎక్కి నిలబడినాడు.
ముల్లు చూసుకున్నాడు.
ఊపిరి పీల్చి చూసుకున్నాడు, వదిలి చూసుకున్నాడు.
ఒక చెప్పు ఇడిసి చంకలో పెట్టుకోని
బరువేమన్నా తగ్గిందా అని వొంగి చూసినాడు.
నవ్వినాం.
తర్వాత రొమ్ములో చెయ్యి పెట్టి
ఏందో బయటికి తీసినాడు, రెండు చేతుల్తో,
నిద్రపోతా ఉండే బిడ్డను తీసినట్టు.
కాటా మీద పెట్టి తను దిగినాడు.
ఏమీ లేదాడ. ఒట్టి ఇనపరేకు.

ఎంటనే ఆయనే మండీ ఓనరైనాడు.
చెవిలో పెన్సిలు, బొజ్జ ముందుకి.
లేనిదాన్ని వాసన చూసినాడు, వేలితో నొక్కినాడు,
మచ్చలుండాయని పెదివి విరిచి
రెండు వేళ్లు చూపించినాడు.
రెండు కిలోలు తరుగు.
మళ్లీ అమ్మేవాడైనాడు, చేతులు జోడించినాడు.
మళ్లీ ఓనరు. మూడు వేళ్లు.
అమ్మేవాడు. ఓనరు. నాలుగు. ఐదు.
ఇటు దూకి అటు దూకి
ఎవురు ఎవురో ఆయనకే తెలీక
తనకి తనే దణ్ణం పెట్టుకున్నాడు.
డొక్కలు పట్టుకోని నవ్వినాం.
నవ్వుతా నవ్వుతానే నాకెందుకో
ఆ ట్రాక్టరాయన ఎనక్కి తిరిగి చూసిన చూపు
గుర్తొచ్చింది.

అప్పుడు ముక్కు పీకినాడు.
ముక్కును కొరికినాడు.
తొక్కతో సహా, గింజల్తో సహా,
మెల్లింగా, సద్దన్నం తిన్నట్టు నమిలినాడు.
ఆ సున్నం మొహం కదల్లేదు.
కనురెప్ప పడలేదు.
మా పన్నెండు మొహాలే వంకర్లు పొయినాయి.
పళ్లు జివ్వుమన్నాయి, దవడలు లాగినాయి,
నోట్లో నీళ్లూరి మింగలేక మింగినాం.
పులుపు ఆయన నోట్లో,
దాని మొహం మా దగ్గర.

మా ఇంటాయన పొయ్యి ఏడు నెలలు.
దినాల్లో గూడా నా కంట్లో చెమ్మ రాలేదని
మా ఆడబిడ్డ ఊరంతా చెప్పింది.
రాయన్నారు. నేనూ అదే అనుకున్నా.
ఇప్పుడా గింజ పటుక్కుమన్న చప్పుడికి
యాడినుంచో నీళ్లు.
కొంగందలేదు, చేత్తో తుడుచుకున్నా.
పొద్దన్నుంచి కాయలేరిన చెయ్యి,
ముళ్లు గీసిన వేళ్లనిండా రసం.
ఇంక చూస్కో, మంట మంట!
"కంట్లో పులుసు పడిందే" అన్నా.
"పడతాదిలే" అనింది మస్తానమ్మ
ఖాళీ డబ్బీని గోటితో గీకతా.

ఆయన గింజలు నాలుగూ చేతిలోకి ఊసి
లెక్కబెట్టి
కాటా మీద పెట్టినాడు.
ముల్లు కదిలిందో లేదో
నేను చూళ్లేదు.

గేటు కాడ లైట్లు పడినాయి.
లెయ్యండి లెయ్యండంటా హమాలీలు
మా కింద బస్తాలు లాగేసినారు.

పొద్దన్నే ఏడుకి పోతే
ఖాకీ చొక్కా, మెళ్లో ఈల,
"ఏందమ్మా, రోజూ లేటేనా" అని కసిరినాడు.
చెవి ఎనకాల, జుట్టు మొదట్లో
సున్నం ఇంకా కొంచెం అట్నే ఉండాది.
చెప్పబోయి
ఊరుకున్నా.